వాపసు లేని అప్‌డేట్

కొత్త డ్రైవర్ సిద్ధమైందని చెప్పడానికి స్రవంతి ఫోన్ చేస్తే, ఆమె అన్న ఐలేష్ అడిగిన మొదటి మాట, "ఈసారి ఏం ఖరాబ్ చేసిన్రే?" అని.

స్రవంతికి నవ్వు రాలేదు. పొద్దుటి నుంచి ఆమె ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఏదో ఒక తీరుగా ఇదే అడిగారు. ఒకాయన అసలు మాట పూర్తి కాకముందే పెట్టేశాడు.

"ఇది వేరే అన్నా. ఫోన్ల చెప్పేది కాదు. ఆదివారం వస్త."

"రా. బువ్వ తిని పో. డ్రైవర్ మాత్రం నీ సంచిలనే ఉంచు."

ఐలేష్‌కు డ్రైవర్ల సంగతి ఒకరు చెప్పాల్సింది కాదు. చూపు ఉన్న రోజుల్లో హనుమకొండ నయీంనగర్‌లో అతను కంప్యూటర్ ఆటల సెంటర్ నడిపాడు. కాలేజీ పిల్లలు క్లాసులు ఎగ్గొట్టి వచ్చి అక్కడ తుపాకులు పేల్చుకునేవాళ్లు. తెర మీద బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఏం గీయాలో దానికి అర్థమయ్యే మాటల్లో చెప్పే దుబాసీ డ్రైవర్. కార్డు ఒక్కసారి కొంటే ఏళ్లు ఉంటుంది. దుబాసీ మాత్రం నెలకోసారి మారుతుంది. కొత్త ఆట కోసం కొత్త డ్రైవర్ వేస్తే పాత ఆటలు నాలుగు మూలపడేవి. తెర నల్లబడేది, లేకపోతే జెర్రిపోతుల్లా గీతలు పాకేవి. పందెం కాసి ఆడుతున్న కుర్రాళ్లు కుర్చీలు తన్ని లేచేవాళ్లు. అప్పుడు ఐలేష్ కొత్తదాన్ని పీకేసి పాతదాన్ని మళ్లీ ఎక్కించేవాడు. ఆ వెసులుబాటు ఒక్కటే వాళ్లందరికీ ధైర్యం. ఏమైనా కానీ, వెనక్కి పోవచ్చు. చివరికి విసిగిపోయి ప్రతి తెర మీదా ఒక కాగితం అంటించాడు: "అప్‌డేట్ నొక్కినవాడు రేపటి నుంచి రావద్దు."

బడికి పోయే వయసు నుంచే అతనికి రేచీకటి. ముప్పై దాటాక పగటి చూపు కూడా పక్కల నుంచి మూసుకుంటూ వచ్చి, గొట్టంలోంచి చూసినట్టయి, ఆ గొట్టం కూడా పూడిపోయింది. కూతురు మనస్వి పుట్టేనాటికి అతనికి వెలుతురూ చీకటీ ఒకటే. సెంటర్‌ను భార్య స్వరూప జిరాక్స్ షాపుగా మార్చి నెట్టుకొచ్చింది.

చెల్లెలు స్రవంతి అప్పటికే హైదరాబాద్ శివారులో ఒక పరిశోధన కేంద్రంలో పనిచేస్తోంది. అక్కడ తయారైంది చూపుపెట్టె. కళ్లద్దాల మధ్య చిన్న కెమెరా. నడుముకు కట్టుకునే పెట్టెలో గ్రాఫిక్స్ కార్డు. తల వెనక భాగంలో, ఎముక కింద, తమలపాకంత కూడా లేని ఒక పలుచటి రేకు. కెమెరా చూసినదాన్ని కార్డు సన్నటి విద్యుత్ పోట్లుగా మార్చి రేకుకు పంపితే, రేకు మెదడును తడుతుంది. ఏ పోటు ఎక్కడ, ఎంత బలంగా పడాలో చెప్పేది డ్రైవర్. దాన్ని రాసేవాళ్లలో స్రవంతి ఒకతె.

పెట్టె బిగించిన కొత్తలో ఐలేష్‌కు కనిపించినవి చుక్కలు మాత్రమే. "పోపుల ఆవాలు చిటపటమన్నట్టుంది, గంతే," అన్నాడు. కొన్ని వారాలు అవే ఆవాలు. మెదడు మొండిది, కానీ నేర్చుకుంటుంది. పరాయి ఊళ్లో బతికేవాడికి అక్కడి భాష ఒకనాడు దానంతట అదే అర్థమైనట్టు, ఒక పొద్దున ఐలేష్ చాయ్ కప్పు కింద పెట్టి, "గా తలుపు కాడ ఉన్నది మనస్వేనా?" అన్నాడు. మనస్వే. అతను కూతురి మొహం చూడటం అదే మొదలు. పాపకు అప్పటికి ఆరేళ్లు దాటాయి. స్వరూప వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత అప్‌డేట్లు మొదలయ్యాయి. ఒకటి వేస్తే రంగులు తేటపడ్డాయి గానీ తలనొప్పి పట్టుకుంది. ఇంకొకటి వేస్తే పెట్టె వేడెక్కి నడుము కాలింది. మూడోది వేసిన మర్నాడు మెట్లు చదునుగా కనిపించి, జమ్మికుంట రాజవ్వ అనే ముసలామె పడి తుంటి విరగ్గొట్టుకుంది. కేంద్రం ఆ డ్రైవర్‌ను వెంటనే వెనక్కి తీసుకుంది. కానీ చూపుపెట్టె వాళ్లందరూ కలిసి ఫోన్లో పెట్టుకున్న గ్రూపులో ఐలేష్ గొంతు ఆ రోజే వినబడింది: "నడుస్తున్నదాన్ని ముట్టుకోకుండ్రి. వాళ్లు ఏం పంపినా ఎయ్యకుండ్రి." ఆ గ్రూపులో అతని మాటకు విలువుంది. సెంటర్ రోజుల నుంచీ డ్రైవర్ల బాధ పడ్డవాడు అతనొక్కడే మరి. ఆ తర్వాత వచ్చినవాటిని ఎవరూ వేసుకోలేదు. వచ్చిన ప్రతిదాని మీదా కేంద్రం ఒకే మాట రాసింది: అత్యవసరం.

నిజంగా అత్యవసరమైనది ఇప్పుడు వచ్చింది.

అది బయటపడింది రాజవ్వ వల్లే. తుంటి అతుక్కున్నాక ఆమె పరీక్షకు వచ్చింది. చుట్టూ మసకబారినప్పుడు బొమ్మ తేటగా ఉండేందుకు పెట్టె తనంతట తానే పోటు బలం పెంచుకుంటుంది. కొలతల కోసం స్రవంతి ఆ పెంపును కాసేపు ఆపింది.

"లైటెందుకు తీసేసినవ్ బిడ్డా?" అంది రాజవ్వ.

గదిలో నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి. కిటికీలోంచి ఎండ రాజవ్వ ఒళ్లో పడుతోంది.

స్రవంతి పెంపును మళ్లీ నడిపించింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు మంచిగున్నది."

ఆ వారంలోనే ఇంకొందరిని పిలిపించి చూశారు. అందరిదీ అదే కథ. పాత డ్రైవర్ ప్రతి అంచునూ, ప్రతి గీతనూ మెదడు మీద ఒకే చోట గట్టిగా కొడుతోంది. కొట్టిన చోట కణాలు మొద్దుబారుతున్నాయి. మొద్దుబారిన కొద్దీ పెట్టె ఇంకా గట్టిగా కొడుతోంది. చూసేవాడికి ఏ తేడా తెలియదు. పెట్టె బలం ఆఖరుకు చేరిన రోజున తెలుస్తుంది. ఆ రోజు తర్వాత ఏ పెట్టే, ఏ డ్రైవరూ పనికిరాదు.

కొత్త డ్రైవర్ మెత్తగా తడుతుంది, చోటు మార్చి మార్చి తడుతుంది. బొమ్మ కూడా ఎంతో నాణ్యంగా ఉంటుంది. ఒకటే చిక్కు. అది వేరే భాష. ఇన్నాళ్లూ మెదడు నేర్చుకున్నది దీనికి పనికిరాదు. వస్తువులు కొన్ని వారాల్లో తెలుస్తాయి. మొహాలకు మాత్రం నెలలు పడుతుంది. తిరిగి పాతదానికి పోదామంటే, అదే కదా చంపుతున్నది.

కేంద్రం అధిపతి డాక్టర్ కామేశ్వరి కాకినాడ మనిషి. కళ్ల కింద సంచులతో, రెండు పూటలా టీ మీదే బతికే మనిషి. ఆమె స్రవంతిని గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఎంతమంది వేసుకున్నారమ్మా?"

"ఎవరూ లేరు మేడం."

"అందరికీ చెప్పారుగా?"

"అత్యవసరం అని పంపినం. ప్రతిసారి అదే పంపుతం గదా. ఎవరూ తెరిచి కూడ చూడలే."

కామేశ్వరి బల్ల మీద గ్లాసు తిప్పింది. "పెట్టెలు ఛార్జింగ్‌లో పెట్టినప్పుడు మనమే ఇక్కణ్ణుంచి ఎక్కించెయ్యొచ్చు. చెయ్యగలం కదా?"

"చేయగలం."

"తిడతారు. కేసులు పెడతారేమో. కానీ చూపు మిగులుతుంది. అంతకంటే నాకేం తోచట్లేదు స్రవంతీ."

స్రవంతి కూడా అలసిపోయి ఉంది. సరే మేడం అనడం ఎంతో తేలిక. ఒక్క మీట నొక్కితే ఈ ఫోన్లు, ఈ తిట్లు, ఈ బతిమాలుకోవడం అన్నీ అయిపోతాయి. కానీ ఆమెకు ఒక ఇల్లు కళ్లముందు కదిలింది. పొద్దున లేచి పెట్టె కట్టుకున్న మనిషి, పక్కన నిల్చున్న భార్యను చూసి ఎవరు నువ్వంటాడు. ఎందుకలా అయిందో అతనికి తెలియదు. తనకు పిచ్చిపట్టిందనుకుంటాడు.

"వద్దు మేడం. ఒక్కొక్కరికి నేనే చెప్త. ఏం లాభమో కాదు, ఏం పోతదో చెప్త."

"ఏం పోతుందో చెబితే ఎవరు వేసుకుంటారమ్మా?"

"చెప్పకుంటే మాత్రం ఎవరు ఏసుకున్నరు మేడం?"

కామేశ్వరి చల్లారిన టీ తాగేసి, "నెల రోజులు చూద్దాం. ఆ తర్వాత నా ఇష్టం," అంది.

ఆదివారం హనుమకొండలో స్రవంతి చెయ్యి కడుక్కోగానే విషయం చెప్పేసింది. ఐలేష్ మంచం మీద కూర్చుని విన్నాడు. స్వరూప గిన్నెలు సర్దడం ఆపి గడప దగ్గర నిల్చుంది. మనస్వి పక్కింట్లో ఆడుకుంటోంది.

"పాతదే ఉంచుకుంటె ఎన్నాళ్లు నడుస్తది?" అన్నాడు ఐలేష్.

"ఏడాది నడవచ్చు. ఇంకొంచెం ఎక్కువ నడవచ్చు. ఆ తర్వాత ఇగ ఏదీ పనిచెయ్యదు."

"కొత్తది ఏసుకుంటె?"

"గోడలు, బండ్లు, మెట్లు తొందరగనే తెలుస్తయి. మనుషులను గుర్తుపట్టలేవు. వదిననైనా, మనస్వినైనా. మాట వింటెనే తెలుస్తది. ఎన్ని నెలలో నాకు ఎరుక లేదన్నా. కొందరికి మొహాలు ఎన్నడూ రాకపోవచ్చు కూడ. నేను అబద్ధం చెప్ప."

"మంచిగ లేకపోతె పాతది మళ్ల ఎక్కిస్తవా?"

"ఎక్కియ్య."

ఐలేష్ నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. "నా సెంటర్ల గంత చెత్త డ్రైవర్ కూడ ఎన్నడూ రాలే గదనే. వాపస్ పోనిది."

"తెలుసు."

"ఆ పిల్ల మొహం చూసి రెండేండ్లు కాలే నాకు. మళ్ల తీస్కపోతమంటున్నరు." అతని గొంతు పెరిగింది. "ఎప్పుడు సూడు మీరు పంపుతనే ఉంటరు, మేం పడుతనే ఉంటం. ఆ రాజవ్వకు తుంటి ఇరిగింది. ఒక్కరన్న పోయి సూసిన్రా?"

"నేను పోయిన అన్నా."

ఐలేష్ కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అద్దాలు తీసేస్తే అతనికి ఏమీ కనబడదు కనుక, అది అతను ఎవరినీ చూడకుండా, మాట్లాడకుండా ఉండటానికి చేసే పని అని ఇంట్లో అందరికీ తెలుసు.

స్వరూప మెల్లగా అంది. "ఏడాది తర్వాత మొత్తానికి చీకటంటుంది గదా. పిల్ల పెద్దగయ్యేది చూడవా?"

"చూసినా గుర్తుపట్టకుంటె?"

"నేను చెప్త. గిది నీ బిడ్డ అని."

ఐలేష్ మళ్లీ అద్దాలు పెట్టుకున్నాడు. "నాకు కొన్ని దినాలియ్యి. చూసుకోవాలె," అన్నాడు.

ఆ దినాల్లో అతను చేసింది నిజంగా అదే. చూసుకున్నాడు. మనస్వి అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేవాడు. జిరాక్స్ మిషన్ దగ్గర నిల్చున్న స్వరూపను గిరాకీ ఉన్నా లేకపోయినా అలాగే చూసేవాడు. "గట్ల చూడకు, సిగ్గయితుంది," అని ఆమె కాగితాల కట్ట మొహానికి అడ్డం పెట్టుకునేది. అద్దం ముందు నిలబడి తనను కూడా ఒకసారి చూసుకున్నాడు. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి, వస్తున్నానన్నాడు.

కేంద్రంలో డ్రైవర్ ఎక్కడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. స్వరూప అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. పెట్టెలో పచ్చ దీపం వెలిగింది.

"ఏం కనబడుతున్నది?" అంది స్రవంతి.

ఐలేష్ తల అటూ ఇటూ తిప్పాడు. "మస్తున్నది. అంతా మస్తున్నది. ఏందో ఒక్కటీ సమజైతలేదు." కాసేపాగి, "చుక్కలు లేవు. సంతల నిలబడ్డట్టున్నది," అన్నాడు. ఎదురుగా ఉన్న రెండు ఆకారాల వైపు మార్చి మార్చి చూసి, చెల్లెల్ని చూసి అన్నాడు, "సరూపా, నువ్వేనా?"

"ఇటు," అంది స్వరూప, అతని చెయ్యి నొక్కి.

కొన్ని వారాలకు వీధి తెలిసింది. గుంతలు తెలిశాయి. పాత డ్రైవర్‌లో ఎన్నడూ చదవలేకపోయిన షాపు బోర్డు మీది పెద్ద అక్షరాలను ఇప్పుడు చదవగలిగాడు. దాంతో ధైర్యం వచ్చి, ఒక సాయంత్రం స్వరూపకు చెప్పకుండా మనస్విని తీసుకురావడానికి బడికి పోయాడు. ఇదివరకు రోజూ అతనే పోయేవాడు. ఈ మధ్య మానేశాడు.

గేటు తెరిచారు. ఒకే రంగు బట్టల్లో పిల్లలు కాలువ తెగినట్టు వచ్చిపడ్డారు. ఐలేష్ ఒక్కొక్క మొహం వెతికాడు. రెండు జడల పిల్ల ఒకతె అతని వైపే నడిచి వస్తోంది. అతను ముందుకు పోయి ఆమె భుజం మీది సంచి అందుకుని, "దా బిడ్డా," అన్నాడు.

ఆ పిల్ల బెదిరిపోయి కేక పెట్టింది. వెనక నుంచి ఆమె తల్లి పరుగెత్తుకొచ్చి, సంచి లాక్కుని, "ఎవరయ్యా నువ్వు? చెయ్యి తియ్యి!" అని అరిచింది. చుట్టూ జనం మూగారు. నడుముకు పెట్టె, మొహాన ఆ అద్దాలు చూసి ఎవరో, "గాయిన మంచోడే, చూపు లేదు," అన్నారు. మనస్వి రెండడుగుల దూరంలోనే నిల్చుని ఉంది. మొత్తం చూసింది. ఆ తర్వాత వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించింది గానీ, దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక తల్లితో, "డాడీకి నేను వద్దట. వేరే అమ్మాయిని తీస్కపోతున్నడు," అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఈ సంగతి తెలిసి కామేశ్వరి స్రవంతిని పిలిచింది. గ్రూపులో అందరూ ఐలేష్ ఏం చెబుతాడా అని ఎదురుచూస్తున్నారు. నెల గడువు అయిపోవస్తోంది.

"మీ అన్నయ్యగారు బాగుందని ఒక్క మాట చెబితే చాలు. అందరూ వేసుకుంటారు. అబద్ధమే, కాదనను. కానీ వాళ్ల మేలుకే కదా."

స్రవంతి ఆ మాట అన్నకు చేరవేసింది. తను అడుగుతున్నానని కాదు, మేడం అడిగిందని చెప్పింది. మర్నాడు గ్రూపులో అతని గొంతు వచ్చింది. స్రవంతి తన బల్ల దగ్గర కూర్చుని విన్నది.

"నేను ఐలేష్‌ను, హనుమకొండ. కొత్తది ఏసుకున్న. మంచిగ లేదు. బడి కాడ నా బిడ్డను గుర్తుపట్టలే, వేరేటోళ్ల పిల్ల సంచి పట్టుకున్న. నా భార్యను మాట్లాడితెనే గుర్తుపడుతున్న. పాతది మళ్ల ఎక్కియ్యరు, అడిగిన. ఎన్నడు మొహాలొస్తయో వాళ్లకే ఎరుక లేదట, ఆ మాట కూడ వాళ్లే చెప్పిన్రు. గిన్నాళ్ల నుంచి ఎయ్యద్దని చెప్పింది నేనే. ఇప్పుడు చెప్తున్న, ఏసుకోండ్రి. పాతది మన మెదడును తింటున్నది. అది నిజం. ఇంట్లోళ్లకు చెప్పి ఏసుకోండ్రి, మేం గుర్తుపట్టకపోతె బాధపడకుండ్రి అని ముందే చెప్పుండ్రి. నేను చెప్పలే. నా బిడ్డ బాధపడ్డది."

మర్నాడు రాజవ్వ కొడుకు ఫోన్ చేసి, అమ్మను తీసుకొస్తున్నామన్నాడు. తర్వాత సిరిసిల్ల నుంచి ఇద్దరు. ఆ తర్వాత స్రవంతికి భోజనం చేసే తీరిక కూడా లేకపోయింది. వచ్చినవాళ్లు భార్యల్ని, కొడుకుల్ని, మనవల్ని వెంట తెచ్చుకున్నారు. డ్రైవర్ ఎక్కే ముందు వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని కళ్లారా చూసుకునేవాళ్లు. ఆ చూపులు చూడలేక స్రవంతి ప్రతిసారీ ఏదో పనున్నట్టు గది బయటికి పోయేది. ఒక్కోసారి గోడకు ఆనుకుని అక్కడే కళ్లు మూసుకునేది. బలవంతంగా ఎక్కిద్దామన్న మాట కామేశ్వరి మళ్లీ ఎత్తలేదు.

రానివాడు ఒక్కడే మిగిలాడు. జగిత్యాల దామోదర్ రెడ్డి, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. స్రవంతి ఆయనకు ఫోన్ చేసి అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పబోయింది.

"నాకు అర్థమైందమ్మా. నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం," అన్నాడు ఆయన.

"మరి రండి సార్."

"నువ్వొక సంగతి చెప్పు. మొహాలు మళ్లీ ఎట్ల నేర్చుకుంటరు?"

"మనిషి ఎదురుగా ఉండాలె సార్. మాట వింటూ, ముట్టుకుంటూ, రోజూ చూడాలె. మెదడు రెండూ కలుపుకుంటది."

"మా ఆవిడ పోయి ఏడు నెలలైంది. ఫోన్ల ఆమె వీడియో ఒకటున్నది. రోజూ పొద్దుగాల చూస్త. మాట కూడ లేదు దాంట్ల, ఊరికె నవ్వుతది. కొత్తది ఏసుకుంటె ఆమె నాకెవరో అయితది. మళ్ల నేర్చుకోవాల్నంటె మనిషేది?"

స్రవంతి ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"ఏడాది ఉంటదంటివి. సాలు. నా పేరు కొట్టేసుకో అమ్మా. నీ మీద నాకు కోపం లేదు. ఈసారి మీరు నిజం చెప్పిన్రు."

ఫోన్ పెట్టేశాక ఆమె జాబితాలో ఆయన పేరు కొట్టేసింది. ఆ సాయంత్రం కామేశ్వరికి చెబితే, ఆమె సరేనని తల ఊపింది.

బడికి వేసవి సెలవులిచ్చాక ఐలేష్ పరీక్షకు వచ్చాడు. వెంట మనస్వి కూడా వచ్చింది. గేటు దగ్గర జరిగినది ఆ పిల్ల మరిచిపోలేదు. తండ్రికి మంచినీళ్లందించేది, దారి చెప్పేది, కానీ ఎదురుగా నిలబడేది కాదు. అతను తన వైపు చూస్తే పక్కకు తప్పుకునేది.

లోపల ఐలేష్‌కు కొలతలు తీస్తుంటే, బయట గదిలో మనస్వి స్రవంతి కుర్చీలో కూర్చుని కాళ్లూపుతోంది.

"అత్తా, పాతదాంట్ల డాడీకి నేను మంచిగ కనబడేదాన్నా?"

స్రవంతి కంప్యూటర్ వైపు తిరిగింది. "చూస్తవా?"

పరీక్షల కోసం కెమెరా తీసిన పాత దృశ్యాలు కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆమె ఒకటి తెరిచి, పాత డ్రైవర్ దాన్ని ఎలా పంపేదో అలాగే తెర మీదికి తెచ్చింది. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు. పైన గుంపుగా కొన్ని, కింద పలుచగా కొన్ని. మధ్యలో ఒక ఖాళీ.

"గిదేంది?"

"నువ్వే."

మనస్వి కుర్చీ దిగి తెరకు మొహం ఆనించినంత దగ్గరగా పోయింది. "నాకు ముక్కే లేదు!"

"లేదు."

"కండ్లు కూడ లేవు. గీ చుక్కలను చూసి డాడీ నన్ను గుర్తుపట్టెటోడా?"

"తలుపు తీసుకుని నువ్వు వస్తుంటే దూరం నుంచే గుర్తుపట్టెటోడు."

పిల్ల మొదట నవ్వింది, చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి ఆ చుక్కలనే చూస్తూ నిలబడింది. "మరి ఇప్పుడు?"

స్రవంతి అదే దృశ్యాన్ని కొత్త డ్రైవర్ పంపే తీరుగా చూపించింది. అందులో మనస్వి ఉంది. ముక్కు, కళ్లు, ఊడిన పన్ను, చెవికి వేలాడే చిన్న పోగు. ఫొటోలో ఉన్నంత తేటగా కాకపోయినా, చూసినవాళ్లెవరైనా మనస్వి అంటారు.

"డాడీ ఈమెను ఎప్పుడూ మంచిగ చూడలే," అంది మనస్వి. అని, ఎవరూ పిలవకుండానే లోపలి గదిలోకి పోయింది.

కొలతలు ముగిసి ఐలేష్ కుర్చీలో ఒక్కడే ఉన్నాడు. అడుగుల చప్పుడుకు తల తిప్పాడు. ఎదురుగా ఒక పిల్ల నిలబడి ఉంది.

"నేనే డాడీ. మనస్విని," అంది. "మంచిగ చూడు. నేను కదల."

ఆమె అతని మోకాళ్ల మధ్యకు వచ్చి, మొహం పైకెత్తి, నిజంగానే కదలకుండా నిలబడింది. ఐలేష్ చూశాడు. అతనికి ఆ మొహం ఇంకా పరాయిదే. అది తన కూతురిదని గొంతు చెబుతోంది, కళ్లు ఒప్పుకోవడం లేదు. అయినా చూశాడు. నుదురు, కనుబొమలు, రెప్పలు. పొలం దున్నేవాడు చాలు తర్వాత చాలు పోయినట్టు, పైనుంచి కిందికి మెల్లగా వచ్చాడు.

ఎడమ కనుబొమ దగ్గర అతని చూపు ఆగింది.

"గిదేంది బిడ్డా, ఇక్కడ ఎంటికలు లేవు? గీతలెక్క ఉన్నది."

"అదా? చిన్నప్పుడు పడ్డ గదా. నాలుగు కుట్లు పడ్డయట."

"ఎప్పుడు?"

"నాకు నడకొచ్చిన కొత్తల. మమ్మీ షాపుకు పోయింది, నువ్వు నన్ను పట్టుకున్నవట. నీ చెయ్యి ఇడిపించుకుని గడప మీద పడ్డ."

తలుపు దగ్గరికి వచ్చిన స్రవంతి అక్కడే ఆగిపోయింది. ఆ రోజు స్వరూప హడావిడిగా పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పోయింది. తిరిగొచ్చి భర్తతో, ఏం కాలేదు, ఉత్తగనే భయపడి ఏడ్చిందని చెప్పింది. చూపు లేని మనిషికి చెప్పి ఏం లాభమని, ఆ తర్వాత కూడా ఎవరూ చెప్పలేదు. పెట్టె వచ్చాక కూడా ఆ మచ్చ పాత చుక్కల్లో ఎన్నడూ పడలేదు.

ఐలేష్ చెయ్యెత్తి, బొటనవేలితో ఆ గీతను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తడిమాడు. వేలికి తగిలింది, కంటికి కనబడింది. రెండూ ఒకటే.

"మస్తు నెత్తురొచ్చిందా?"

"ఏమో డాడీ. నాకు యాదికి లేదు."

అతను వేలు అక్కడే ఉంచి, ఆ పరాయి మొహాన్ని మళ్లీ నుదుటి నుంచి చూడటం మొదలుపెట్టాడు. మనస్వి మాటిచ్చినట్టే కదలకుండా నిలబడింది.